కొత్తపట్నానికి కల్లంపట్ట

“ఇసకలో పడుకుంటే చెవుల్లోకి పీతలు దూరవూ?” అన్నాను.

అప్పటికింకా ఎవరం ఎక్కడికీ వెళ్ళేది ఖాయం కాలేదు. కల్లంలో ఆఖరి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేనూ మా ఆయన యలమందయ్యా రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాం. మా అమ్మాయి తేజశ్రీ మంగళగిరి నుంచి శనివారం బస్సుకి వచ్చి, చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకుని, కల్లం గట్టు మీద నిలబడి సంగతి చెప్పింది. మే నెలలో కొత్తపట్నం సముద్రం ఒడ్డున పాటల పండుగట. మూడు రోజులట. ఎక్కడెక్కడి పాటగాళ్ళో వస్తారట. వచ్చినవాళ్ళంతా ఇసకలో గుడారాలు వేసుకుని అక్కడే తిని, అక్కడే పడుకుంటారట. మా పిల్ల సెలవురోజుల్లో వెళ్ళి పాడే బృందానికి చివరిరోజు సాయంత్రం పాట ఉందట.

“పీతలకి నీ చెవులతో ఏం పని?” అన్నాడు మా ఆయన తల ఎత్తకుండా.

“నా చెవులు కాదు, దాని చెవులు.”

“అమ్మా, గుడారానికి అడుగు ఉండిద్ది, జిప్పు ఉండిద్ది. పీతలు టిక్కెట్టు కొనుక్కుని రావాలి” అంది తేజ.

పండుగ ఒక్కటే అయితే ఆ మాట అంతటితో పోయేది. దాని వెనకాల ఇంకొకటి ఉంది. ఆ బృందాన్ని నడిపే రామకాంత్ ఒంగోలులో సంగీతం మాస్టారి కొడుకు. నాట్లలో పాడే పాటలు, తిరగలి దగ్గర పాడే పాటలు పోగుచేసి గిటారుతో, డప్పుతో పాడిస్తాడు. వానలు మొదలయ్యాక వాళ్ళు ఏడాదిపాటు ఊరూరూ తిరగబోతున్నారు. మన రాష్ట్రం దాటి కూడా. తేజ వాళ్ళతో వెళ్ళాలంటే మంగళగిరిలో ఉద్యోగం మానుకోవాలి. అది అడగడానికి వచ్చింది.

మా ఆయన చేతిలో కాయలు గంపలో వేసి, గంప పక్కకి జరిపాడు. ఆ తర్వాత అన్నాడు. “పాటల సంగతి నాకు తెలవదు. మీ అమ్మని ఆ పండక్కి ఎంటబెట్టుకుని పో. తిండెట్టుంది, పడకెట్టుంది, నీళ్ళెట్టున్నాయి, నీతో తిరగబోయే మనుషులు ఎట్టాంటోళ్ళు, అన్నీ చూడనియ్యి. చూసొచ్చి ఆమె సరేనంటే నాకూ సరే.”

తేజ మొహం మాడిపోయింది. “అమ్మ సరేననడమా? చీరాల బస్సెక్కితే టైరు పేలిద్దంటది. ఫ్యాను కింద పడుకుంటే ఊడి పడిద్దంటది.”

“పడలేదా, మీ పెదనాన్న వాళ్ళింట్లో?”

“ఎవరూ లేనప్పుడు పడిందిగా.”

“ఉన్నట్టయితే?” అన్నాను.

నేను తొమ్మిదో తరగతి దాకా చదివాను. భయపడడానికి ఆ చదువు చాలు. పేపరు వస్తే ముందు జిల్లా పేజీ తీస్తాను. వడదెబ్బకి ఎవరు పడిపోయారో, కలుషితమైన నీళ్ళు తాగి ఏ ఊళ్ళో వాంతులయ్యాయో, సముద్రంలో స్నానానికి దిగి ఎవరు తిరిగి రాలేదో అన్నీ అందులో ఉంటాయి. అవన్నీ ఒకేచోట, ఒకేసారి, నా ఒక్కగానొక్క కూతురి మీదికి రాబోతున్నాయని, పండుగ దాకా ఉన్న పదిహేను రోజులూ నాకు నిద్ర లేదు.

తేజ ఫోనులో మాటలు రికార్డు చేసి పంపుతూ ఉండేది. అమ్మా, వదులుగా ఉండే నూలు బట్టలు తెచ్చుకో. స్నానాల దగ్గరికి వేరే చెప్పులు పెట్టుకో. ఓఆర్‌ఎస్ పొట్లాలు నేను కొన్నాను, నువ్వు కొనకు అంది. అయినా నేను కొన్నాను. దానితో ఆగలేదు. నిమ్మకాయలు, వడదెబ్బ తగలకుండా కొంగున కట్టుకోవడానికి ఉల్లిపాయలు, దోమలకి వేపాకు, కొబ్బరినూనె, సున్నిపిండి, పరుచుకోవడానికి ఉతికిన పాత చీరలు మూటగట్టాను. అన్నిటికన్నా పెద్దది కల్లంపట్ట. మిరపకాయలు ఆరబోసే మందపాటి నీలం పట్ట అది. ఆ గుడారాల అడుగు పల్చగా ఉంటుందనీ, ఇసకలో చెమ్మ లాగి నడుములు పట్టేస్తాయనీ నా భయం. పట్టని చీపురుతో రెండువైపులా ఊడ్చి, ఎర్రటి ఎండలో ఆరేశాను. మా ఆయన అంచు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఏం వాసనా లేదు” అన్నాడు.

నేనూ చూశాను. ఏం వాసనా లేదు.

పర్చూరు దగ్గర మా ఊరి నుంచి ఒంగోలు, అక్కణ్ణించి ఆటోలో కొత్తపట్నం. టైరు పేలలేదు. సరుగుడు తోట పక్కన రంగురంగుల గుడారాలు బారులు తీరి ఉన్నాయి. ఆడవాళ్ళ స్నానాల గదుల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలామె కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని అదిలిస్తోంది. ఆమె పేరు ఖాదర్‌బీ. బకెట్లూ, నీళ్ళూ, శుభ్రం అంతా ఆమె చేతిలోనే ఉంది. నా మూటలు చూసి కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

“కాపరానికొచ్చావా తల్లీ?”

“మూడు రోజులకేనండి. తాగే నీళ్ళు మంచియ్యేనా?”

“నేను అయ్యే తాగుతన్నా. ఇంకా మాట్లాడతానే ఉన్నాగా.”

“మరి మరుగుదొడ్లు?”

“వెళ్ళి చూసుకో. పొద్దున్నే పో. ఎండ పడిందంటే ఈ పిల్లలంతా లేచొచ్చి తిరనాళ్ళు చేస్తారు.”

వెళ్ళి చూశాను. తలుపుకి లోపల గడియ ఉంది. బకెట్టు నిండుగా ఉంది. ఫినాయిలు వాసన వస్తోంది. వంటశాల దగ్గరికి పోయి చూశాను. అన్నం పొగలు కక్కుతోంది, వడ్డించేవాళ్ళు తలకి గుడ్డలు కట్టుకున్నారు. ఎక్కడైనా ఒక తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు తిరిగాను. నా భయాలకి కాలు పెట్టుకునే చోటు దొరక్క, అవన్నీ నా వెంటే గుడారానికి తిరిగొచ్చాయి.

తేజ ఈలోగా గుడారం వేసేసింది. సరుగుడు చెట్ల నీడ పొద్దున కూడా పడేట్టు చోటు ఏరుకుంది. గుమ్మం ముందు ఒక బేసిన్‌లో నీళ్ళు పోసి, ఇసక కాళ్ళు అందులో కడుక్కుని గుడ్డతో తుడుచుకుంటే తప్ప లోపలికి రానివ్వలేదు, నన్ను కూడా. నీళ్ళ సీసాకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలే కొమ్మకి వేలాడగట్టింది. తల మీద టోపీ, మెడకి తడి తువ్వాలు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉంది.

“ఇయ్యన్నీ ఎక్కడ నేర్చావే?” అన్నాను.

“చిన్నప్పుడు కల్లం కాపలాకి నన్ను ఎవరు లాక్కెళ్ళేవాళ్ళు?” అంది.

లోపల ముందు కల్లంపట్ట పరిచి, దాని మీద పాత చీరలు మూడు మడతలు వేశాను. తేజ నవ్వి ఊరుకుంది.

ఆ సాయంత్రం పాటలు మొదలయ్యాయి. డప్పుల దెబ్బకి నా గుండెకాయ పక్కన ఇంకెవరిదో గుండెకాయ పెట్టినట్టయింది. చెవులు పోతాయని ఇంటి దగ్గరనుంచి మా చేలో పత్తి ఇంత తెచ్చుకున్నాను. అది ఉండలు చేసి పెట్టుకున్నాక, పాట లోపలికి వచ్చేది వచ్చింది, మోత బయట ఉండిపోయింది. పక్కన కూర్చున్న పిల్లలు చూసి తమకీ ఇమ్మన్నారు. పంచాను. తేజ తన చెవుల్లో రబ్బరు బిరడాలు చూపించి, “‘మీ అమ్మ ఆర్గానిక్’ అంటన్నారు అందరూ నాతో” అంది. చల్లటి గాలి వస్తుంటే గుమ్మం తెరిచే పడుకున్నాం. పీతలు రాలేదు. ఇంటి దగ్గర ఏ ఎండాకాలమూ అంత నిద్ర పట్టలేదు నాకు.

రెండోరోజు మధ్యాహ్నం గాలి పడిపోయింది. పక్కమీద ఇసక చేరింది. నాకు ఇసక పక్క పడదు. తేజ రిహార్సల్‌కి పోయిన సమయంలో చీరలన్నీ తీసి ఉతికి తాడు మీద ఆరేశాను. పట్టలో ఇసక పోవడానికి లోపలే చీపురు తిరగేసి నాలుగు బాదాను. శుభ్రంగా ఉందనుకున్నాను. తేజ ఎండన పడి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దుమ్ము రాకుండా జిప్పు వేసి, బ్యాటరీ ఫ్యాను పెట్టుకుని ఆ ఉత్త పట్ట మీద పడుకుంది. నేను చెట్టు కింద నిమ్మకాయలు కోసుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి లోపల దగ్గు మొదలైంది. ఒకటి రెండు అనుకుంటే ఆగలేదు. జిప్పు లాగి తేజ మోకాళ్ళ మీద బయటికొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. ఏమైందే అంటే చెప్పబోయింది. గాలి వచ్చింది, మాట రాలేదు. ఈలోగా పక్క గుడారంలో ఒకరు తుమ్మారు. ఆ పక్కన ఇద్దరు తుమ్మారు.

సముద్రపు విషవాయువు అనుకున్నాను నేను. పిల్లని భుజానికెత్తుకున్నంత పని చేసి వైద్యం గుడారానికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ శ్రీదుర్గ చిన్న వయసు పిల్ల. తేజ గొంతులో లైటు వేసి చూస్తూ తనూ తుమ్మింది. రెండోసారి తుమ్మి నా వైపు చూసింది.

“అమ్మా, మీరు కాస్త అటు జరగండి. మీ చీరకి ఏముంది?”

“ఏం లేదమ్మా. ఉతికిన చీరే.”

వెనకాలే వచ్చిన ఖాదర్‌బీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “ఏం లేకపోవడమేంది? కారం మిల్లు కాళ్ళొచ్చి నడిచినట్టుంది. లోపల ఏం పరిచావు తల్లీ?”

అప్పుడు అర్థమైంది. ఆ ఘాటులో పుట్టి పెరిగిన ముక్కులు మావి. మా ఆయన లేదన్నాడు, నేను లేదన్నాను. రెండేళ్ళుగా మంగళగిరి హాస్టల్లో ఉన్న పిల్ల ముక్కుకి, గొంతుకి ఆ అలవాటు పోయిందని మాకు తట్టలేదు. పట్ట కుట్లలో నాలుగు నెలల కారం దాక్కుని ఉంది. నేను బాది లేపాను, ఫ్యాను ఊది పోసింది.

“రేపు సాయంత్రం దాకా ఒక్క మాట కూడా వద్దు” అంది డాక్టరమ్మ తేజతో. “గుసగుసలు అసలే వద్దు, అవి గొంతుకి ఇంకా చెరుపు. గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ ఉండు. ఆవిరి పట్టు. గొంతు వచ్చిందా లేదా అని మధ్యలో పరీక్ష చేసుకోవద్దు. స్టేజి ఎక్కే ముందు చూసుకుందువు.”

రామకాంత్ పరిగెత్తుకుని వచ్చాడు. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడడం తెలియదు. సంగతి విని, తేజకి కాదు, నాకు చెప్పాడు ధైర్యం. “కంగారు పడకండమ్మా. మీరు మంచికే చేశారు కదండీ.”

ఆ అబ్బాయి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “రేపటి పాట లేకపోతే ఏమవుద్ది బాబూ?” అన్నాను.

అతను ఇసకలోకి చూశాడు. “ఏడాదంతా మమ్మల్ని పాటకి పిలిపించుకునే పై ఊళ్ళ వాళ్ళు రేపటి పాట వినడానికే వస్తున్నారండి. విన్న గొంతునే కదండీ వాళ్ళు అడిగేది. తేజ పాడలేకపోతే మా బృందంలోనే ఉన్న శ్రీరమ్య పాడుతుంది. ఏడాదీ ఆమెతోనే వెళ్ళాల్సి వస్తుంది.”

ఖాదర్‌బీ లెక్కకి మించి రెండు బకెట్లు నీళ్ళు ఇచ్చింది. పట్టని చుట్టి రెండు సంచుల్లో కట్టేశాం. గుడారం లోపలంతా తడిగుడ్డతో తుడిచాను. తేజ చేతులకీ, మెడకీ కొబ్బరినూనె రాసి, సున్నిపిండితో రుద్ది స్నానం చేయించాను, చిన్నపిల్లకి చేయించినట్టు. నేనూ చేశాను. బట్టలన్నీ దూరంగా తీసుకెళ్ళి జాడించాను. ఇంతసేపూ అది నా మొహంలోకి చూడలేదు.

కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చాను. అది ఫోనులో రాసి చూపించినా నాకు అక్షరాలు ఆనవు. నీళ్ళు కావాలంటే సీసా చూపించేది, వద్దంటే అరచెయ్యి అడ్డం పెట్టేది. అంతే. డాక్టరమ్మ మాట వింటోందో, నా మీద కోపమో తెలియదు. కోపమైతే అరిచేది. అరవకూడదు కాబట్టి అంతా లోపలే పెట్టుకుందేమో. లోపల పెట్టుకుంటే జ్వరం వస్తుందేమో.

“తేజా, తిట్టవే. మనసులోనే తిట్టు” అన్నాను.

అది ఖాదర్‌బీ ఇచ్చిన చాప మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. అటు తిరిగి పడుకుంది.

పొద్దువాలుతుండగా గుడారం ముందు కూర్చుని చూస్తున్నాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చింది ఎవరనుకున్నారు, శ్రీరమ్యే. తేజ గొంతు రాకపోతే ఆ ఏడాది తనది. ఆ పిల్ల గిన్నెలో నీళ్ళు పోసి, తేజ తల మీద దుప్పటి కప్పి, ఆవిరి చాలా, ఇంకా పట్టనా అని చేతులతో అడుగుతోంది. బృందంలో మిగతావాళ్ళు కూడా అక్కడికొస్తే నోళ్ళు మూసుకుని సైగలే చేస్తున్నారు. ఒకడు ఏదో సైగ చేశాడు, తేజ భుజాలు కదిలిపోయేట్టు నవ్వింది. చప్పుడు లేదు. వెంటనే శ్రీరమ్య వాడి నెత్తిన ఒకటిచ్చింది, దాన్ని నవ్వించినందుకు.

అప్పుడే మా ఆయన ఫోను చేశాడు.

“ఎట్టుందక్కడ?”

జరిగింది చెప్పాను, దాచకుండా. ఆయన “నేనూ వాసన చూశానుగా” అన్నాడు. ఆ తర్వాత అడిగాడు. “మరి ఏమంటావు? పంపుదామా?”

ఏమీ అననక్కర్లేదు. రేపు గొంతు రాకపోతే ఆ ప్రశ్నే ఉండదు. పిల్ల మంగళగిరిలోనే ఉంటుంది, రెండు వారాలకోసారి శనివారం బస్సుకి వస్తుంది, మంచం మీద పడుకుంటుంది. నేను కోరుకున్నదదే. నా పట్ట నా పని చేసి పెట్టింది. ఎదురుగా చూస్తే తేజ దుప్పటి తీసి, చెమట తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే నీళ్ళ సీసా అందుకుని ఒక గుక్క తాగి మూత పెడుతోంది.

“పంపుదాం” అన్నాను.

“ఏందీ?”

“పంపుదాం అంటన్నా. సిగ్నల్ లేదా?”

“ఉంది” అన్నాడు. ఫోను పెట్టేశాడు. నా చేతిలో తడి చీర ఒకటి ఉంది. నీళ్ళన్నీ ఎప్పుడో కారిపోయినా పిండుతూనే ఉన్నాను.

తేజకి మాత్రం చెప్పలేదు. చెబితే సంతోషం పట్టలేక కేక పెడుతుందేమో, ఉన్న గొంతు కాస్తా పోతుందేమో అని భయం.

మర్నాడంతా అలాగే గడిచింది. చెప్పాలని నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని. మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో దానికీ నాకూ ఒకేసారి తెలిసింది. మధ్యాహ్నం ఖాదర్‌బీ వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “డాక్టరమ్మ ఎవరికి చెప్పింది, తల్లికా పిల్లకా?” అంది.

సాయంత్రం స్టేజి వెనక గుడ్డ చాటున నిలబడ్డాం. తేజ మంగళగిరి చీర కట్టుకుంది. ముందు వరసలో పై ఊళ్ళవాళ్ళు వచ్చి కూర్చున్నారు. శ్రీరమ్య కూడా తయారై పక్కనే ఉంది, గోళ్ళు కొరుక్కుంటూ. మాకన్నా ముందు పాడేవాళ్ళు దిగిపోయారు. రామకాంత్ గిటారు మెడకి తగిలించుకుని వచ్చి తేజ ఎదురుగా నిలబడ్డాడు.

“ఎక్కుతావా తేజా? శ్రుతి బాగా దించేద్దాం. లేదంటే రమ్య ఎక్కుతుంది. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పాలి నువ్వు.”

తేజ నోరు తెరవలేదు. అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. నిన్న మధ్యాహ్నం నుంచి నా మొహం చూడని పిల్ల చూపు తిప్పకుండా చూస్తోంది. పాడితే ఏం లాభం, నువ్వు వద్దంటావుగా అన్నట్టుంది ఆ చూపు. అప్పటికి తెలిసింది నాకు, అది గొంతు ఒక్కదాని కోసమే ఆగి లేదని.

“నిన్న నాన్నతో చెప్పాను” అన్నాను. “పంపుదామని చెప్పాను. ఆయన కూడా సరేనన్నట్టే. నువ్వు అరుస్తావని చెప్పలేదే. ఇప్పుడు కూడా అరవమాక.”

అది అరవలేదు. బయట మైకులో మా బృందం పేరు చెబుతున్నారు. రామకాంత్ గిటారు తీగ మీద వేలు పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. శ్రీరమ్య గోళ్ళు కొరకడం మానేసింది. తేజ ఒక గుక్క నీళ్ళు తాగింది. మూత పెట్టింది. సీసా నా చేతికిచ్చింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ఒక్క మెట్టు దించండి, చాలు. పాడతా” అంది రామకాంత్‌తో. కాస్త గరుకుగా ఉంది కానీ, అది తేజ గొంతే.

తర్వాత నా వైపు తిరిగింది.

“నిన్న చెప్పిన మాట ఇప్పుడా, అమ్మా, నాకు చెప్పేది?”